ముళ్ల కిరీటం కోసం ఒక అద్దాల మందిరం

మత్తయి సువార్త 27వ అధ్యాయం 29వ వచనంలో రోమా సైనికులు ముళ్లతో కిరీటం అల్లి యేసు తలపై పెడతారు. చేతికి ఒక రెల్లు ఇచ్చి, ముందు మోకాళ్లూని, "యూదుల రాజా, నీకు శుభమని" వెక్కిరిస్తారు. అది రాజరికాన్ని ఎగతాళి చేయడానికి అల్లిన కిరీటం. పన్నెండు వందల ఏళ్ల తర్వాత, ఇదే ఆ కిరీటమని నమ్మి ఒక రాజు ఖజానా తెరిచాడు.

ఆయన ఫ్రాన్స్ రాజు తొమ్మిదో లూయీ. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి రెండో బాల్డ్విన్ అప్పుల పాలై ఉండటంతో కిరీటం వెనిస్ వర్తకుల దగ్గర తాకట్టులో ఉంది. దాన్ని విడిపించడానికి లూయీకి లక్షా 35 వేల లివ్రలు (అప్పటి ఫ్రెంచ్ డబ్బు) అయ్యాయంటారు. దాని కోసం పారిస్ రాజభవనంలో కట్టించిన సెయింట్ చాపెల్‌కు అయింది సుమారు 40 వేలేనట! 1239లో రాజు రాచదుస్తులు విడిచి, మామూలు అంగీతో, చెప్పుల్లేకుండా కిరీటాన్ని మోసుకుంటూ నడిచాడు.

మందిరాన్ని 1248 ఏప్రిల్ 26న ప్రతిష్ఠించారు. పై అంతస్తులో గోడ ఉందా అనిపిస్తుంది. దాదాపు 15 మీటర్ల ఎత్తున కిటికీలు, 1,113 దృశ్యాలు, అంతా నీలం, ఎరుపు వెలుగు. పైకప్పు బరువును బయటి రాతి ఊతాలు మోస్తాయి, లోపల దాచిన ఇనుప కట్లు వాటికి తోడు. బలిపీఠం వెనక మధ్య కిటికీ క్రీస్తు శ్రమలది. పాత నిబంధన కిటికీల్లో పట్టాభిషేకాలు పదేపదే వస్తాయి. దక్షిణం వైపు ఒక కిటికీలో కిరీటం పారిస్ చేరిన కథ, అందులో లూయీ కూడా! బైబిల్ కథల వరసలో తననూ చేర్చుకున్నాడు. భక్తి ఎంతో, రాజకీయమూ అంతే అనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి వదిలేయలేను. ఆయన ఏలుబడిలోనే, 1242లో, పారిస్‌లో యూదుల ధర్మగ్రంథమైన తల్మూదు ప్రతులను బండ్లకొద్దీ తగలబెట్టారు. "యూదుల రాజు" అని అవమానం పొందినవాడి కిరీటాన్ని అంత భక్తిగా మోసిన రాజు, ఆ యేసు సొంత జనం గ్రంథాలు కాలుతుంటే ఆపలేదు. శ్రమల కాలంలో ఈ వచనం చదివినప్పుడు, మోకాళ్లూనిన సైనికులతో పాటు చెప్పులు విడిచిన లూయీ కూడా నాకు గుర్తొస్తాడు. వంగడం ఇద్దరికీ వచ్చింది.

ఫ్రెంచ్ విప్లవంలో కిరీటం ఉంచిన పెద్ద పేటికను కరిగించేశారు. తర్వాత కొన్నేళ్లు ఆ మందిరం పాత కాగితాల గోదాము. 1806లో కిరీటం పారిస్‌లోని పెద్ద చర్చి నోత్రదామ్‌కు చేరింది. 2019 ఏప్రిల్ 15న అక్కడ మంటలు రేగినప్పుడు దాన్ని బయటికి తెచ్చి కాపాడారు. ఇప్పుడది రెల్లు కాడల వలయం మాత్రమే. ముళ్లను ఎన్నడో ఒక్కొక్కటిగా తీసి రాజులకూ చర్చిలకూ కానుకలిచ్చేశారు.