గాలన్ కుండలో కాఫీ

మా నాన్న మిలిటరీలో హవల్దారు. ఆయన రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలన్నిటి మీదా ఒకటే అడ్రసు ఉండేది: 56 ఏపీవో, అంటే ఆర్మీ పోస్టాఫీసు. ఆ నంబరు వెనక కాశ్మీరు కొండలున్నాయో, రాజస్థాన్ ఇసుక ఉందో చిత్తూరులో ఉన్న మాకు తెలిసేది కాదు. 'ఉభయకుశలోపరి' అని మొదలుపెట్టి, వానలు పడ్డాయా, ఆవు ఈనిందా అని అడిగి, చివర్లో మా అందరి పేర్లూ వరసగా రాసి ముగించేవాడు. పోయిన ఏప్రిల్లో మేరీల్యాండ్‌లో ఉండే మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. "నయాగరా పోదామా అమ్మా, న్యూయార్క్ పోదామా?" అని అడిగింది. "పాత ఉత్తరాలుండే చోటేదైనా ఉంటే చూపించు" అన్నాను.

"అయితే అన్నాపోలిస్ పోదాం అత్తయ్యా, గంట దూరమే. మీకు తప్పకుండా నచ్చుతుంది" అన్నాడు అల్లుడు.

శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరాం. చలి ఇంకా పోలేదు. అన్నాపోలిస్ చిన్న ఊరు. ఇటుకలు పరిచిన ఇరుకు వీధులు, ఏ వీధి చివర నిలబడ్డా పడవల తెరచాప కర్రలు కనిపిస్తాయి. ఊరి నడుమ మిట్ట మీద మేరీల్యాండ్ స్టేట్ హౌస్. టికెట్టు లేదు, గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. శాసనసభ ఇప్పటికీ అందులోనే నడుస్తోంది. 1783 నవంబరు నుంచి 1784 ఆగస్టు దాకా అమెరికా కాంగ్రెస్ కూడా ఈ కట్టడంలోనే కూర్చుంది. అంటే కొన్నాళ్ళు ఈ చిన్న ఊరే ఆ దేశానికి రాజధాని.

లోపల గుమ్మటం కింద, మసక వెలుతురులో ఒక గాజు పెట్టె ఉంది. అందులో జార్జ్ వాషింగ్టన్ సొంత దస్తూరీతో ఉన్న కాగితం. ఎనిమిదేళ్ళు బ్రిటిష్ వాళ్ళ మీద స్వాతంత్ర్య యుద్ధం నడిపి, గెలిచి, 1783 డిసెంబరు 23న సేనాధిపతి పదవి వదులుకుంటూ చదివిన ప్రసంగం అది. రాజు కావాలనుకుంటే అడ్డుకునేవాడు లేని రోజుల్లో ఆయన కాంగ్రెస్ ముందు నిలబడి అధికార పత్రం తిరిగి ఇచ్చేశాడు. 2007లో మేరీల్యాండ్ ఆర్కైవ్స్ ఈ కాగితాన్ని సంపాదించింది.

హైస్కూల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని. పిల్లల చేత నాలుగు గీతల కాపీ పుస్తకంలో కలిపిరాత రాయించి, ఎర్ర సిరాతో దిద్దడమే నా పని. అందుకని నా కళ్ళు ముందుగా కొట్టివేతల మీదికే పోయాయి. సెలవు తీసుకునే చోట 'చివరి' అనే అర్థం వచ్చే మాట రాసి, కొట్టేశాడు. ప్రజా జీవితం నుంచి తప్పుకుంటున్నానని చెప్పే వాక్యంలోనూ అలాంటిదే ఇంకొక మాట రాసి, దాన్నీ కొట్టేశాడు. 'కట్టకడపటి వీడ్కోలు' కాస్తా ఉత్త 'వీడ్కోలు'గా మిగిలింది. మళ్ళీ పిలుస్తారని ఆ మనిషికి అనిపించిందా? 1789లో పిలవనే పిలిచారు, అధ్యక్షుడిగా. ఆ పెట్టె ముందు నేను ఎంతసేపు నిలబడ్డానో తెలీదు, మనవరాలు వచ్చి చెయ్యి లాగింది.

పక్కనే పాత సెనేట్ గది. వాషింగ్టన్ నిలబడి చదివిన చోట ఆయన కంచు విగ్రహం పెట్టారు. ఆ రోజు కాంగ్రెస్ సభ్యులు టోపీలు తియ్యకుండా కూర్చునే ఉన్నారు. ఆయన లేచి వాళ్ళకి వంగి నమస్కరించాడు. వాళ్ళు టోపీలు తీశారే తప్ప వంగలేదు. సైన్యం ప్రజా ప్రతినిధుల కింద ఉంటుందని చూపడానికి ముందే అనుకుని చేసిన మర్యాద అది. ఈ సంగతులు సర్కారీ రికార్డులో ఉంటాయి. ఆయన చెయ్యి వణికిందని మాత్రం మనకు ఒక ప్రేమలేఖ వల్ల తెలిసింది. కాంగ్రెస్ సభ్యుడు జేమ్స్ మెక్‌హెన్రీ ఆ రోజే తను పెళ్ళాడబోయే అమ్మాయికి ఉత్తరం రాస్తూ, జనరల్ చేతిలో కాగితం వణికిందనీ, రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చిందనీ, చూసేవాళ్ళంతా ఏడ్చారనీ చెప్పాడు.

"అమ్మా, పైకి చూడు" అంది మా అమ్మాయి.

పైన బాల్కనీలో ఇంకో కంచు విగ్రహం. ఒక ఆవిడ కిందికి చూస్తూ నిలబడి ఉంది. పేరు మోలీ రిడౌట్. ఆడవాళ్ళని కింద సభలోకి రానివ్వలేదు, పై గ్యాలరీ నిండా వాళ్ళే. ఈవిడ తర్వాత ఇంగ్లండ్‌లో ఉన్న తల్లికి ఉత్తరం రాసింది. జనరల్ అంతగా చలించిపోతే చూసేవాళ్ళందరికీ ఆయన మీద జాలి కలిగిందని అందులో ఉంది. పెళ్ళికొడుకు కాబోయే భార్యకి, కూతురు తల్లికి, ఇద్దరూ వేర్వేరుగా ఒకే మాట రాశారు. అచ్చులో వచ్చిన ఏ చరిత్ర కన్నా ఈ ఇద్దరి సాక్ష్యం నాకు గట్టిగా అనిపించింది.

మధ్యాహ్నం నేవల్ అకాడమీకి నడిచాం. గేటు దగ్గర నా పాస్‌పోర్టు చూశారు. 1845లో మొదలైన సంస్థ ఇది. చర్చి కింద పాలరాతి సమాధిలో జాన్ పాల్ జోన్స్ ఉన్నాడు. స్వాతంత్ర్య యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి, 1792లో పారిస్‌లో చనిపోయిన ఆ నావికుణ్ణి వెతికి, 1905లో ఇక్కడికి తెచ్చుకున్నారు. వేగంగా సాగని ఓడతో నాకు పని లేదు, ఆపదకి ఎదురు పోవాలనుకుంటున్నాను అని 1778లో ఆయన ఉత్తరంలో రాసిన మాట అమెరికా నావికులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

నేను అక్కడ ఎదురుచూడనిది ఇంకోటి. అకాడమీ మ్యూజియం వారి చిత్రాల్లో క్రేపాన్ అనే ఫ్రెంచి చిత్రకారుడు గీసిన ఓడల పోరు ఒకటుంది. 1782 ఏప్రిల్ 8న డెలావేర్ అఖాతంలో ఒక చిన్న అమెరికా ఓడ, తనకన్నా బలమైన 'జనరల్ మంక్' అనే బ్రిటిష్ ఓడని అరగంటలోపే లొంగదీసుకుంది. కెప్టెన్ జాషువా బార్నీ వయసు అప్పటికి 22 ఏళ్ళు. నేను గట్టిగా అరిచే ఆజ్ఞకి సరిగ్గా వ్యతిరేకంగా చుక్కాని తిప్పు అని తన మనిషికి ముందే చెప్పి ఉంచాడు. ఆ అరుపు విని శత్రువు మోసపోయాడు. ఇంతకీ ఆ అమెరికా ఓడ పేరు 'హైదర్ అలీ'.

చదివి నాకు ఒళ్ళు పులకరించింది. 1780లో పొల్లిలూరులో కంపెనీ సైన్యాన్ని చిత్తు చేసిన మన మైసూరు హైదర్ అలీయే. బ్రిటిష్ వాళ్ళ శత్రువని పెన్సిల్వేనియా వాళ్ళు ఓడకి ఆయన పేరు పెట్టుకున్నారు. ఆ పోరు జరిగిన ఎనిమిది నెలలకి, 1782 డిసెంబరు 7న, వీపు మీద రాచపుండు లేచి హైదర్ అలీ తన శిబిరంలో చనిపోయాడు. ఆ శిబిరం మా చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో ఉండేది. నేను పుట్టి పెరిగింది ఆ దాపుల్లోనే. మా మనవరాల్ని పిలిచి, "ఈ ఓడ పేరుగలాయన మన ఊరి దగ్గరే పోయాడు" అని చెప్పాను. "నిజంగానా అమ్మమ్మా?" అని రెండుసార్లు అడిగింది.

ఆ యుద్ధం మన సముద్రం దాకా కూడా వచ్చింది. 1783 జనవరిలోనే యూరప్‌లో సంధికి తొలి సంతకాలయ్యాయి. ఆ కబురు అందక, జూన్ 20న కడలూరు తీరాన ఫ్రెంచి, బ్రిటిష్ నౌకాదళాలు ఫిరంగులు పేల్చుకున్నాయి. ఉత్తరం ఇంకా దారిలో ఉండగా మనుషులు చచ్చిపోయారు. మా నాన్న ఉత్తరం ఆలస్యమైతే మా అమ్మ రోజూ పోస్ట్‌మ్యాన్ వచ్చే వేళకి అరుగు మీద కూర్చునేది. అకాడమీ గోడ పక్కన నీళ్ళు చూస్తూ పులిహోర తింటుంటే అదే గుర్తొచ్చింది.

మూడో రోజు వాషింగ్టన్ నగరంలో, దేశపు పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్. స్వాతంత్ర్య ప్రకటన అక్షరాలు బాగా వెలిసిపోయాయి, ఫొటోలు తియ్యనివ్వరు, జనం వరసలో కదులుతూనే ఉంటారు. ఎక్కువసేపు ఉండలేదు. అసలు నేను చూడాలనుకున్నవి ఆ సంస్థ దాచిన స్వాతంత్ర్య యుద్ధపు సోల్జర్ల పింఛను ఫైళ్ళు. సుమారు 80,000 ఉన్నాయి. అసలు కాగితాలు చేతికివ్వరు, కంప్యూటర్లో ఫొటోలు ఎవరైనా చూడొచ్చు. ఆ రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచింది.

ఆ ఫైళ్ళు ఎందుకు పుట్టాయో చెప్పాలి. 1800 నవంబరులో యుద్ధ శాఖ ఆఫీసు తగలబడి రికార్డులు పోయాయి. 1818లో, పేదరికంలో ఉన్న పాత సోల్జర్లకి నెలకి 8 డాలర్ల పింఛను ఇస్తామన్నారు. జనం ఎగబడేసరికి 1820లో మీకున్న ఆస్తి రాసివ్వండి అన్నారు. జోసెఫ్ ప్లమ్ మార్టిన్ అనే సోల్జరు చిన్న వయసులో చేరి యుద్ధం ముగిసేదాకా ఉన్నాడు. ఆయన కోర్టులో ప్రమాణం చేసి చెప్పిన ఆస్తి: రెండు ఆవులు, ఆరు గొర్రెలు, ఒక పంది. 1832లో ఇంకో చట్టం వచ్చింది. కాగితాల్లేని ముసలివాళ్ళు జడ్జి ముందు నిలబడి, ఏ కెప్టెన్ కింద చేశారో, ఏ ఊళ్ళ మీదుగా నడిచారో గుర్తున్నదంతా నోటితో చెప్పారు. గుమాస్తా రాసుకున్నాడు. ఆ తర్వాత వితంతువుల వంతు.

"చదవలేకపోతున్నానమ్మా, ఇది అసలు ఇంగ్లీషేనా?" అంది అమ్మాయి. అంతా కలిపిరాత. నేను చదవడం మొదలుపెట్టాను.

అది 1837 నవంబరు 20న పెన్సిల్వేనియా వేన్ కౌంటీ కోర్టులో సారా అనే 81 ఏళ్ళ ముసలావిడ ఇచ్చిన వాంగ్మూలం. యుద్ధం నాటి భర్త ఏరన్ ఓస్‌బోర్న్ కమ్మరి. ఆవిడకి చెప్పకుండా సైన్యంలో చేరి, నువ్వూ రావాల్సిందే అన్నాడు. బండో గుర్రమో ఇస్తామని మాటిస్తే గానీ రానంది. వెళ్ళి సోల్జర్లకి బట్టలు ఉతికింది, కుట్టింది, వండింది. ఒకసారి ఫిరంగులు ఎక్కించే పనికి భర్త వెళ్తే, ఆయన కోటు తొడుక్కుని తుపాకీ పట్టుకుని ఆవిడే కాపలా నిలబడింది. వాషింగ్టన్ అటు వచ్చి, "నిన్నిక్కడ ఎవరు పెట్టారు?" అని అడిగాడు. "పెట్టే హక్కున్నవాళ్ళే సార్" అంది.

1781లో యార్క్‌టౌన్ ముట్టడి. సోల్జర్లు కందకాల్లో ఉంటే గొడ్డు మాంసం, రొట్టె, గాలన్ కుండలో కాఫీ మోసుకుపోయేది. దారిలో మళ్ళీ వాషింగ్టన్ కనబడి, ఫిరంగి గుళ్ళకి భయం లేదా అని అడిగాడు. ఉరికొయ్యకి రాసిపెట్టిన ప్రాణాన్ని గుళ్ళు తీసుకోవు లెమ్మని, "మగాళ్ళు పోరాడుతూ పస్తు కూడా ఉండాలంటే కుదరదు కదా" అంది. అక్కడ నేను ఆగిపోయాను. మా అమ్మాయి నా భుజం మీద చెయ్యి వేసింది.

బ్రిటిష్ సైన్యం లొంగిపోయిన రోజు కూడా ఆవిడ చూసింది. బ్రిటిష్ వాళ్ళ డప్పులకి నల్ల గుడ్డలు, పిల్లనగ్రోవులకి నల్ల రిబ్బన్లు. ముందు నడిచిన లావుపాటి జనరల్ చెంపల మీద కన్నీళ్ళు. అతను బ్రిటిష్ సేనాధిపతి కార్న్‌వాలిస్ కాదని ఆవిడ స్పష్టంగా చెప్పింది. కార్న్‌వాలిస్‌ని తర్వాత చూసిందట, పొట్టిగా, మెల్లకన్నుతో ఉన్నాడట. ఆ ఓడిపోయిన మనిషే 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశానికి వచ్చాడు. 1793లో బెంగాల్‌లో ఆయన పెట్టిన జమీందారీ ఏర్పాటే 1802లో ఉత్తర సర్కారుల్లోకీ వచ్చింది. పాఠంలో ఆయన పేరు ఎన్నోసార్లు చెప్పాను. ముఖం మాత్రం, కాఫీ మోసిన ఒక ఆడమనిషి కళ్ళతో ఇప్పుడు చూశాను. ఆవిడకి పింఛను వచ్చింది.

ఇంకా కొన్ని ఫైళ్ళు తిప్పాం. భర్త చనిపోయాక పెళ్ళి రుజువు అడిగితే, రిజిస్టరు లేని వితంతువులు ఇంట్లో బైబిల్ నుంచి పేజీ చింపి పంపారు. పెళ్ళి తేదీ, పిల్లలు పుట్టిన తేదీలు, పోయినవాళ్ళ తేదీలు ఆ పేజీల్లో వేర్వేరు సిరాల్లో ఉన్నాయి. అంచు చిరిగిన తీరు ఫొటోలో కూడా తెలుస్తోంది. అవి తిరిగి వాళ్ళింటికి పోలేదు, అందుకే ఇక్కడున్నాయి.

మా నాన్న పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కి వెళ్తే, ఒక ఆఫీసులో మా అమ్మని పెళ్ళి రుజువు అడిగారు. 1961లో పెళ్ళి, రిజిస్ట్రేషన్ ఎక్కడిది? ట్రంకు పెట్టె అడుగు నుంచి శుభలేఖ తీసింది. నాలుగు మూలలా పసుపు, మధ్యలో మడత దగ్గర చిరిగితే వెనక కాగితం ముక్క అంటించి ఉంది. జిరాక్సు చాలదు, అసలుదే కావాలన్నారు. పెన్షన్ వచ్చింది గానీ శుభలేఖ మళ్ళీ రాలేదు. అమ్మ పోయేదాకా దాన్ని అడుగుతూనే ఉంది. ఆ చిరిగిన బైబిల్ పేజీని పెద్దది చేసి చూస్తున్నప్పుడు, అది కూడా ఎక్కడో ఒక ఫైల్లో ట్యాగుకి గుచ్చి భద్రంగానే ఉండి ఉంటుందని మొదటిసారి అనిపించింది.

ఈ కలిపిరాత చదవగలిగేవాళ్ళు కావాలని, ఉత్తరాల్ని టైపు చేసిపెట్టమని ఆర్కైవ్స్ వాళ్ళు వలంటీర్లని అడుగుతున్నారు. అమ్మాయి నా పేరు నమోదు చేసింది. అక్కడున్న ఆరు వారాల్లో రోజుకో పేజీ చొప్పున చేశాను. చిత్తూరు వచ్చాక కూడా ఆపలేదు, కరెంటు పోని రాత్రుల్లో కూర్చుంటాను.

వచ్చిన మర్నాడే నాన్న ట్రంకు పెట్టె దించాను. ఇన్‌లాండ్ ఉత్తరాలు 143 ఉన్నాయి. కొన్ని మడతల దగ్గర విడిపోతున్నాయి, రెండింటిని పురుగు కొట్టింది. తేదీల వారీగా సర్ది, ఒక్కోదాన్ని తెల్ల కాగితంలో చుట్టాను. వానలు వచ్చేలోపు పెట్టె కింద నాలుగు ఇటుకలు పెట్టాలి.