రెండో చరణం దగ్గర

రెండో చరణం ఎత్తుకోగానే గిటారు మూడో తీగ తెగింది. కొస చెంపకు తగిలి గీరుకుపోయింది, ఇప్పటికీ మండుతోంది.

నెల్లూరు రంగనాయకుల గుడి వెనక, పెన్నా ఒడ్డు. వింటున్నది పద్నాలుగు మంది. ఆపేద్దామనుకున్నాను కానీ కహోన్ (మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె) వాయిస్తున్న తమ్ముడు ఆపలేదు, వేళ్లతో మెల్లగా దరువు వేస్తూనే ఉన్నాడు. గిటారు పక్కన పెట్టి ఆ దరువు మీదే పాడాను.

అయిపోయాక ఒక పెద్దాయన దగ్గరికొచ్చి, "ఇది ఏ సినిమాలోది బాబూ?" అని అడిగారు.

"సినిమాలోది కాదండీ, మేమే కట్టుకున్నాం."

"అయితే ఇంకోసారి పాడండి" అని మళ్లీ కూర్చున్నారు.

మూడేళ్లుగా పెళ్లిళ్లలో ఇతరుల పాటలే పాడుతున్నాం. అందులో తప్పేమీ లేదు, స్పీకర్ల అద్దె వాటితోనే కడుతున్నాం. బాలు గారి ఊళ్లో ఆయన పాటలు పాడటం నాకు ఎప్పటికీ ఇష్టమే. 2020లో వేద పాఠశాల కోసం ఆయన కంచి పీఠానికి ఇచ్చేసిన తిప్పరాజువారి వీధి ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు నా బండి దానంతట అదే నెమ్మదిస్తుంది.

కానీ ఇకనుంచి ఎక్కడ పాడినా, పెళ్లయినా సరే, మా పాట ఒకటి ఉంటుంది. సగంలో వదిలేసిన ఐదింటినీ సంక్రాంతిలోపు పూర్తి చేస్తాను.

రేపు పొద్దున్నే తీగలు కొనాలి. ఈసారి రెండు సెట్లు.