మిర్చికి గులాబీలు, పత్తికి మంచు

వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమిషన్ ఏజెంటు) దుకాణంలో నేను లెక్కలు రాస్తాను. తక్‌పట్టీలు రాయడం, రైతుకు పైసలు లెక్కగట్టి ఇవ్వడం, మధ్యమధ్యలో చాయ్. ఫిబ్రవరి వచ్చిందంటే యార్డంతా మిర్చే. జెండా పాట (ఆ రోజు ధర తేల్చే వేలం) అయ్యేదాకా ఎటు చూసినా తుమ్ములు. కొత్తవాళ్ళు ముక్కుకు రుమాలు కట్టుకుంటారు, పాతవాళ్ళం ఊరికే తుమ్ముతాం.

రెండేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక కానన్ 1500డి కెమెరా కొన్నాను. దానితో పాటే 18-55 లెన్స్ వచ్చింది. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "పెళ్ళిళ్ళకు పోతరా ఏంది ఇగ?" అంది. పెళ్ళిళ్ళకు కాదు. రోజూ కళ్ళ ముందు ఇంత ఎరుపు పారబోసి ఉంటే ఫోన్లో తీస్తే సరిపోవడం లేదని నా బాధ.

మొదటి ఫొటో చపాటా మిర్చిదే. మా దగ్గరి మిర్చి అది, 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. లావుగా, పొట్టిగా, బుగ్గలు ఉబ్బినట్టు ఉంటుంది. టమాటా మిర్చి అని కూడా అంటారు. కారం తక్కువ, రంగు మాత్రం చూపు తిప్పుకోనివ్వదు. పదకొండు గంటల ఎండలో మూతి విప్పిన బస్తా ముందు కూర్చుని ముప్పై ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే మిర్చి లేదు. గోడకు ఎర్ర రంగు కొట్టినట్టుంది. కాయ మీది ముడత, మెరుపు, కాయకు కాయకు మధ్య సందు, ఏదీ లేదు. తొడిమలు మాత్రం ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు.

అప్పటికే నేను రెండు నెలల నుంచి ఆన్‌లైన్లో ఫొటోగ్రఫీ నేర్చుకుంటున్నాను మరి. అంటే రాత్రి అన్నం తిన్నాక పడుకుని వీడియోలు చూడడం. ఏ లెన్స్ కొనాలి, ఏ బ్యాగు కొనాలి, ఏది డబ్బాలోంచి తీస్తే ఎలా ఉంటుంది. తెలుగులో దొరికినవాటిలో సగానికి ఎక్కువ అవే. తర్వాత మూడు వేలు పెట్టి ఒక కోర్సు కూడా కొన్నాను. ఎవరిదో చెప్పను గానీ అందులో మొదటి ఆరు పాఠాలూ కెమెరా మీద ఉన్న బటన్ల పేర్లు. అవి కెమెరాతో వచ్చిన పుస్తకంలోనే ఉన్నాయి. పైసలు తిరిగివ్వమని మెయిల్ పెడితే ఏడో పాఠం చూడమన్నారు. ఏడో పాఠం ట్రైపాడ్ గురించి.

ఆ ఎర్ర గోడ ఫొటోతో నాకు మొదటిసారి అడగడానికి ఒక ప్రశ్న దొరికింది. "మిర్చి ఫొటో ఎలా తీయాలి" అని వెతికితే మిర్చి బజ్జీలు వచ్చాయి. ఇంగ్లిష్‌లో వెతికితే వంట ఫొటోలు వచ్చాయి, తెల్ల పళ్ళెంలో మూడు కాయలు. ఆ రాత్రంతా అలాగే పోయింది. ఎరుపు ఒక్కటే కదా నా సమస్య అని మరునాడు "ఎర్ర పువ్వుల ఫొటోలో డీటెయిల్ పోతోంది" అని ఇంగ్లిష్‌లో కొట్టాను. అంతే, గులాబీ తోటలవాళ్ళంతా ఒక్కసారి బయటికొచ్చారు. మిర్చితో నేను పడ్డ బాధే వాళ్ళు ఎర్ర గులాబీతో ఎప్పటి నుంచో పడుతున్నారు.

విషయం ఏమిటంటే, కెమెరా లోపలి సెన్సర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా కొలుస్తుంది. కెమెరా వెనక మనం చూసే మామూలు హిస్టోగ్రామ్ గ్రాఫ్ ఆ మూడింటినీ కలిపి వెలుగు లెక్కగడుతుంది; ఎడమ చివర చీకటి, కుడి చివర వెలుగు, కుడి గోడకు తగిలితే అక్కడ వివరం పోయినట్టే. ఆ లెక్కలో ఆకుపచ్చ వాటా 59 శాతం దాకా ఉంటుంది, ఎరుపుది 30, నీలానిది 11. అంటే నా ఫొటోలో ఎరుపు నిండిపోయి పొంగి పొర్లుతున్నా, మిగతా రెండూ ఖాళీగా ఉన్నాయి కాబట్టి గ్రాఫ్ "అంతా బాగుంది" అనే చూపించింది. మా లెక్కల భాషలో చెప్పాలంటే మూడు ఖాతాల మొత్తం చూసి సంతోషపడ్డాను, ఒక ఖాతా ఎప్పుడో మునిగిపోయింది. మెనూలో హిస్టోగ్రామ్‌ను బ్రైట్‌నెస్ నుంచి ఆర్‌జీబీకి మార్చాను. మూడు గ్రాఫులు వచ్చాయి. ఎరుపుది కుడి గోడకు గుద్దుకుని నిలబడి ఉంది.

మరునాడు పొద్దున అదే చోట, చపాటా బస్తా ముందే కూర్చున్నాను. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటోలో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి తగ్గించి, రా ఫార్మాట్‌లో (సెన్సర్ కొలిచింది కొలిచినట్టే దాచే ఫైలు) తీశాను. ఎరుపు గ్రాఫ్ గోడ వదిలి కొంచెం లోపలికి జరిగింది. తెర మీద ఫొటో చీకటిగా కనిపించి భయమేసింది కానీ, కంప్యూటర్లో తెరిస్తే ఒక్కో కాయ బుగ్గ మీద ఎండ మెరుపు విడిగా ఉంది. ఒక కాయకు చిన్న పగులు ఉంది, అందులోంచి గింజ కనిపిస్తోంది. ఆ గింజను పెద్దది చేసి మా ఆవిడకు చూపించాను. "గింజ" అంది. అవును, గింజే.

ఇంతకీ ఆ ఆర్‌జీబీ సంగతి వివరంగా చదివింది కేంబ్రిడ్జ్ ఇన్ కలర్ అనే వెబ్‌సైట్లో. పాత సైటు, చూడ్డానికి ఏమీ బాగుండదు, ఉచితం. బొమ్మ మీద మౌస్ పెడితే ముందు ఎలా ఉందో, తర్వాత ఎలా ఉందో మారుతుంది. నా ఇంగ్లిష్ బీకాం ఇంగ్లిష్, అయినా అర్థమైంది. రా ఫైళ్ళు తెరవడానికి డార్క్‌టేబుల్ వాడుతున్నాను, అదీ ఉచితమే. మొదటి వారం విమానం నడిపినట్టుంటుంది, ఓపిక పట్టాలి.

ఆ తర్వాత మార్క్ లెవాయ్ పాఠాలు దొరికాయి. స్టాన్‌ఫర్డ్‌లో ప్రొఫెసర్‌గా చేసి గూగుల్‌కు వెళ్ళి పిక్సెల్ ఫోన్ల కెమెరా మీద పనిచేసిన మనిషి. 2016లో గూగుల్‌లో చెప్పిన 18 క్లాసులను యూట్యూబ్‌లో పెట్టాడు. పైసా అడగడు, బ్యాగు కొనమనడు. బోర్డు మీద లెక్కలున్నచోట నేను దాటేస్తాను, సిగ్గేం లేదు. వేగం 0.75కు తగ్గించి, కింద ఇంగ్లిష్ అక్షరాలు పెట్టుకుని చూస్తాను. తెలుగు అనువాదం పెట్టుకుని కూడా చూశాను కానీ, ఎక్స్‌పోజర్ అన్న ప్రతిచోటా "బహిర్గతం" అని పడుతుంటే నవ్వొచ్చి ఆపేశాను.

గులాబీల కిటుకు తెలిశాక వెతకడం మారిపోయింది. మన వస్తువు ఆన్‌లైన్లో లేకపోతే దాని చుట్టం ఎవరో చూడాలి. అక్టోబరులో పత్తి మొదలైంది. పత్తి కుప్ప ఎప్పుడు తీసినా బూడిద రంగులో వచ్చేది, రైతు చూస్తే నా పత్తికి తేమ పట్టిందని రాస్తావా అని కొట్లాడేటట్టు. పత్తి ఫొటోల పాఠం ఎక్కడా లేదు. మంచు పాఠాలు మాత్రం కొల్లలు. చలిదేశాలవాళ్ళకు మంచు బూడిద రంగులో వస్తుందట. కెమెరా ఎదురుగా ఏది ఉన్నా అది నడిమి రకం బూడిద రంగే అనుకుని వెలుగు కొలుస్తుంది కాబట్టి, తెల్లటిదాన్ని చూసి "అబ్బో, వెలుగెక్కువైంది" అని తగ్గించేస్తుంది. మనం ఒకటి, ఒకటిన్నర స్టాప్ పెంచాలి. మంచు ముఖం చూడని నేను మంచు పాఠంతో పత్తిని తెల్లగా చేశాను.

రామప్పకు కుక్కలు పనికొచ్చాయి. ఈ మాట గుడిలో అంటే బాగుండదేమో గానీ నిజం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, అందరూ ఫోన్లు పైకెత్తేది చూరు కింది మదనికల (ఆడవాళ్ళ శిల్పాల) కోసమే. గుడంతా ఎర్రటి ఇసుకరాయి, ఈ బొమ్మలు నల్లరాయి, నున్నగా అద్దంలా ఉంటాయి. కింది నుంచి తీస్తే వెనక ఆకాశం తెల్లగా మండిపోయి, బొమ్మ ఉత్త నీడలా పడుతుంది. వీడియోల్లో అందరూ స్పాట్ మీటరింగ్ (ఒక చిన్న చుక్క మేరకే వెలుగు కొలవడం) పెట్టమన్నారు, నా కెమెరాలో అది లేదు. ఫ్రేమ్ మధ్యలో దాదాపు పది శాతాన్ని మాత్రమే కొలిచే పార్షియల్ ఉంది. అది పెట్టి తీస్తే బొమ్మ కనిపించింది కానీ బూడిద పూసినట్టయింది. నల్ల లాబ్రడార్లను పెంచుకునేవాళ్ళు రాసినవి చదివాక అర్థమైంది. మంచుకు తిరగేసిన లెక్క, నల్లటిదానికి ఒక స్టాప్ తగ్గించాలి.

ఇంకో సంగతి, వేళ. సన్‌కాల్క్ అనే సైటులో మ్యాపు మీద చోటు పెట్టి తేదీ చెబితే సూర్యుడు ఏ దిక్కు నుంచి ఎంత ఎత్తులో ఉంటాడో గీత గీసి చూపిస్తుంది. రామప్ప గుడి తూర్పు ముఖం. చీకటితోనే బండి మీద బయలుదేరి, పాలంపేట చేరి, ఎండ వాలుగా చూరు కిందికి దూరే ఆ కాసేపట్లో తీశాను. మదనిక పాదం దగ్గరి మడత, నడుము దగ్గరి పూసలు, నల్ల రాయి నల్లగానే ఉండగా కనిపించాయి. ఆకాశం మాత్రం తెల్లగానే పోయింది. పోనీలే అనుకున్నాను.

మనుషుల ఫొటోలకు మాత్రం పాఠాలకంటే పాత ఫొటోలు చూడడమే మేలనిపించింది. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో 1936లో డొరోథియా లాంజ్ తీసిన వలస తల్లి ఫొటో ఉంది, అందరికీ తెలిసినదే. దాని పక్కనే అదే రోజు, అదే తల్లిని తీసిన మిగతా ఫొటోలు కూడా పెట్టారు. ఒకదాంట్లో గుడారమంతా ఉంది, ఇంకోదాంట్లో కొంచెం దగ్గర, చివరికి ముఖం, చెయ్యి, చెరోపక్క పిల్లలు. లాంజ్ ఒక్కో అడుగు ముందుకు వేయడం కనిపిస్తుంది. మనవాళ్ళలో వరంగల్‌లో పుట్టిన భరత్ భూషణ్ గారి బతుకమ్మ ఫొటోలు, పల్లెల ఫొటోలు వెతికి చూస్తుంటాను. ఆయన 2022లో పోయారు. ఆ ఫొటోల్లో మనుషులు ఫొటో కోసం నిలబడ్డట్టుండరు.

అదంతా చూసి, మొన్న మా దుకాణం దగ్గర మోసే పెద్ద హమాలీ కాకను తీశాను. ముందు దూరం నుంచి యార్డుతో సహా, తర్వాత బస్తాలతో, తర్వాత రెండడుగుల దూరంలోకి వెళ్ళి తలపాగా, భుజం, వెనక చపాటా కుప్ప. ఎరుపు పొర్లకుండా స్టాప్ తగ్గించాను, మూడు గ్రాఫులూ చూసుకున్నాను, గర్వంగా హన్మకొండ చౌరస్తాలో పెద్ద సైజులో ప్రింటు తీయించి ఇచ్చాను. కాక దాన్ని ఎండలో పెట్టి చాలాసేపు చూశాడు.

"మిర్చి మంచిగనే కనవడ్తాంది బిడ్డా," అన్నాడు. "నా మొకమే బొగ్గు లెక్కున్నది."

నిజమే. మిర్చి కోసం తగ్గించిన వెలుగు కాక ముఖం మీద నుంచే పోయింది. తలపాగా నీడ ఒకటి తోడు. డార్క్‌టేబుల్‌లో ముఖం వరకు పైకి లాగితే చుక్కలు చుక్కలుగా వచ్చింది. రాత్రి మళ్ళీ వెతికాను. ఈసారి చుట్టం దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. సముద్రం ఒడ్డున ఎండకు వీపు పెట్టి టోపీలు పెట్టుకున్నవాళ్ళ ఫొటోలు. కింద నుంచి తెల్లటి అట్ట ఒకటి పట్టుకుంటే ఎండ దాని మీద పడి ముఖం మీదికి ఎగురుతుందట. కొనాల్సిన పనిలేదు, థర్మకోల్ చాలన్నారు.

కాకకు చెబితే "పట్టుకునేటందుకు పోరడు ఒకడు దొరుకుతడు తీ" అన్నాడు. టీవీ డబ్బాతో వచ్చిన థర్మకోల్ అటక మీద ఉందో, మా ఆవిడ పారేసిందో చూడాలి.