వదలడం నేర్చుకున్న ఊపిరి

గుంటూరు మిర్చి యార్డులో పనిచేసేవాళ్లు గుండెల నిండా గాలి పీల్చరు. సీజన్‌లో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుతుంటే ఆ ఘాటుకి దగ్గు ఆగదు. అందుకే ఎవరూ నేర్పకపోయినా పైపైన ఊపిరి తీసుకోవడం అలవాటైపోతుంది. 16 ఏళ్లుగా కమీషన్ కొట్లో లెక్కలు రాస్తున్నా, జబ్బు చేసేదాకా నేనీ సంగతి గమనించలేదు.

నిరుడు మార్చిలో ఒక రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. గుండె దడదడలాడుతోంది. వేళ్ల చివర, పెదవుల చుట్టూ తిమ్మిరి. గాలి చాలడం లేదు. ఇక అయిపోయిందనుకుని మా ఆవిడను లేపి బీరువా తాళాలు ఎక్కడున్నాయో, చీటీ డబ్బు ఎవరివ్వాలో చెప్పేశాను. ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి సగం తగ్గింది. ఈసీజీ బాగుంది, రక్తపరీక్ష బాగుంది. గ్యాస్ అయ్యుంటుందన్నారు.

ఏప్రిల్ దాటేలోపు మరో మూడుసార్లు అదే వరస. గుండెకి తీసే టూడీ ఎకో స్కాన్, థైరాయిడ్ పరీక్ష అన్నీ నార్మల్. రిపోర్టు బాగుందంటే సంతోషించాలి కదా, నాకు మాత్రం కోపం వచ్చేది. ఏమీ లేకపోతే ఇదంతా ఏమిటి? ఇక పగలంతా ఒకటే టెన్షన్, మళ్లీ ఎప్పుడొస్తుందా అని. కాటా చీటీలు కూడుతూ మధ్యలో నాడి పట్టుకుని చూసుకునేవాణ్ణి.

చివరికి మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లాను. పిచ్చి డాక్టరు దగ్గరికా అని మా అన్నయ్య రెండు రోజులు మాట్లాడలేదు. ఆ డాక్టరు నా ఫైలంతా ఓపిగ్గా తిరగేసి, "ఇది పానిక్ అటాక్. మీకు గాలి చాలక కాదు, ఎక్కువై వస్తోంది" అన్నారు. భయంతో గబగబా ఊపిరి తీస్తుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుందట. దాంతో తిమ్మిరి, తలతిరుగుడు. అవి చూసి ఇంకా భయం, ఇంకా ఊపిరి. అప్పటిదాకా అందరూ "గట్టిగా ఊపిరి పీల్చుకో" అంటుంటే నేను పీల్చిందంతా అగ్నికి ఆజ్యమే అన్నమాట!

ఆందోళన తగ్గడానికి ఎస్సిటాలోప్రామ్ మాత్ర రాశారు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని ముందే చెప్పారు. మొదటి వారం కడుపులో తిప్పింది, అంతే. అసలు కష్టం రెండో మందుతో, అంటే ఊపిరి సాధనతో వచ్చింది. వెల్లకిలా పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు మెల్లగా పీల్చి, ఆరు అంకెలు పట్టేలా వదలాలి. అప్పుడు నిమిషానికి ఆరు ఊపిరులు. వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది కాబట్టి వదలడమే ముఖ్యమన్నారు. గుమస్తాకి లెక్క అప్పగిస్తే ఏమవుతుంది? ఆరుకి బదులు ఐదు దగ్గరే అయిపోతే తప్పు రాశానన్నట్టు మళ్లీ మొదలుపెట్టేవాణ్ణి. వారానికే విసుగొచ్చింది.

"అయితే లెక్క మానేయండి, పాదాలు చూడండి" అన్నారు. కళ్లతో కాదు. కళ్లు మూసుకుని అరికాలు దగ్గర మొదలుపెట్టి, పిక్కలు, నడుము, భుజాలు, మొహం, ఒక్కోచోట ఏమనిపిస్తోందో గమనించడం. మొదట్లో నా పాదాల్లో నాకేమీ తెలియలేదు, చెక్క కాళ్లలాగే. కానీ దవడ దగ్గరికి వచ్చేసరికి పళ్లు బిగబట్టి ఉన్నాను. భుజాలు చెవుల దాకా లేచి ఉన్నాయి. ఎన్నేళ్లుగా అలా మోస్తున్నానో!

ఆలోచనలు ఆగలేదు. పార్టీ బాకీలు, తేజా రకం మిర్చి రేటు, పిల్లాడి ఫీజు అన్నీ వచ్చేవి. వస్తే వచ్చిందనుకుని మళ్లీ మోకాలి దగ్గరికి. ఒక్కో రాత్రి అలా ముప్ఫైసార్లు. మా బావమరిది నాగార్జునసాగర్‌లో 10 రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి పొమ్మన్నాడు. ఇప్పుడే వద్దు, ముందు కుదుటపడమని డాక్టరు ఆపారు. అదీ మంచిదే అయింది, ఆ స్థితిలో 10 రోజుల మౌనం నా వల్లయ్యేది కాదు.

ఆగస్టుకి నిద్ర దారిలో పడింది. ఈ ఫిబ్రవరిలో వేలంపాట మధ్యలో ఒకసారి దడ మొదలైంది. వచ్చావా అనుకుని, చెప్పుల్లో అరికాళ్లు నేలకి ఎక్కడ ఆనుతున్నాయో చూస్తూ మెల్లగా ఊపిరి వదిలాను. ఐదారు నిమిషాలు పట్టింది. పక్కనున్న హమాలీకి నేను రేటు కోసం ఆలోచిస్తున్నట్టే కనిపించి ఉంటుంది.

మాత్ర ఇప్పుడు సగానికి తగ్గించారు. పాత ఈసీజీల ఫైలు బీరువా మీదే ఉంది. "ఏమండీ, పారేయనా?" అని మా ఆవిడ దసరాకి అడిగింది, సంక్రాంతికీ అడిగింది. ఉండనీ అన్నాను.