గుడి కింద ఇసుక, గుడి మీద సున్నం

రామప్ప గుడి పేరెత్తితే చాలామంది నీళ్లలో తేలే ఇటుక దగ్గరే ఆగిపోతారు. అసలు పనితనం మన కాళ్ల కింద ఉంది. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన ఈ గుడికీ, 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడికీ ఇసుకే పునాది. గుంత తవ్వి, ఇసుక నింపి, నీళ్లు పట్టించి గట్టిపరిచాక దాని మీద రాళ్లు పేర్చుకుంటూ వచ్చారు.

నాలుగు దిక్కులా కట్టడి ఉన్న ఇసుక బరువుకు పెద్దగా అణగదు. పక్కకు జారే సందు దొరికితేనే కుంగుతుంది. రేగడి మట్టిలా వానకు ఉబ్బదు, ఎండకు నెర్రెలివ్వదు. భూకంపం వస్తే అదురును కొంత మింగుతుందని ఇంజనీర్ల మాట.

కాబట్టి ఇలాంటి గుడికి పిడుగు కన్నా పక్కన తవ్వే పైపు కాలువే ప్రమాదం. వాననీరు అరుగు మొదట్లో నిలిచి లోపలికి ఇంకితే, సన్న ఇసుక నీటితోపాటు ఆ కాలువలోకి కొట్టుకుపోతుంది. ముందు నేల బండ ఒక మూల దిగుతుంది, తర్వాత దూలానికీ స్తంభం తలకూ మధ్య సందు తెరుచుకుంటుంది. ఆ సందులో సిమెంటు కూరడం జ్వరానికి గంధం పూసినట్టే. నేలను మీటరుకు 2 సెంటీమీటర్ల చొప్పున అరుగు నుంచి బయటికి వాలుగా చేసి ముందు నీటిని మళ్లించాలి. పగులు మీద సన్నని గాజు పట్టీని రెండు కొసలా అతికించి, పక్కన తేదీ రాసి, ఎండాకాలం, వానాకాలం రెండూ గడిచేదాకా చూడాలి. గాజు పగిలితే పునాది ఇంకా కదులుతున్నట్టు.

విప్పి మళ్లీ కట్టడం చిట్టచివరి మందు. వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపాన్ని 2006లో విప్పితే 2024 మార్చిలో గానీ మళ్లీ తెరవలేకపోయారు. డోలరైట్ అనే గట్టి నల్లరాయి ఘనమీటరుకు దాదాపు 3 టన్నులు. అరమీటరు మందం, అరమీటరు వెడల్పు, 3 మీటర్ల పొడవున్న దూలమంటే రెండు టన్నులు దాటినట్టే. దించేటప్పుడు గొలుసుకూ రాయికీ మధ్య గోనె మెత్త పెట్టకపోతే చెక్కిన అంచు ఎగిరిపోతుంది. విప్పిన ప్రతి రాయికీ నంబరు వేయాల్సింది మళ్లీ కూర్చాక కనిపించని ముఖం మీద. పాత ఇనుప చీలలు తుప్పుపట్టి ఉబ్బి రాయిని చీలుస్తాయి, వాటి బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడాలి.

ఇక పైకప్పు. రామప్ప శిఖరం ఇటుక నీటి కన్నా తేలిక, అంటే ఒళ్లంతా గుల్ల. గుల్ల ఇటుక తడి పీల్చుకుంటుంది, మళ్లీ ఆరాలి. సిమెంటు పూస్తే ఆ తడి బయటికి రాలేక లోపలే ఉండి పెచ్చులు లేపుతుంది. అందుకే సున్నం. బాగా మగ్గిన తడి సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు, కొంచెం బెల్లం నీళ్లు. బెల్లం ఎక్కువైతే చీమలు పట్టడమే కాదు, గట్టిపడటమూ ఆలస్యమవుతుంది. కప్పు మీద సున్నంలో ఇటుక ముక్కలు కలిపి పరిచి, చెక్క బ్యాటుతో రోజుల తరబడి కొట్టాలి. తొందరపడి ఆపేస్తే మొదటి వానకే చెమ్మ దిగుతుంది. బ్యాటు దిగబడకుండా ఎగిరి పడితే ఒక చిన్న గుంట చేసి నీళ్లు పోసి చూడండి. చప్పున ఇంకిపోతే ఇంకా కొట్టాల్సిందే.