ఆ రికార్డు వినకమ్మా రోజ్

రోజ్ ఆ రికార్డు వినడానికి గబగబా నడుస్తోంది. అంతే, నవల అయిపోయింది. "వద్దమ్మా, వినకు" అని పైకే అనేశాను.

గ్రాహం గ్రీన్ 'బ్రైటన్ రాక్', 1938 నాటిది. ఇవాళే పూర్తయింది, ఇంకా గుండె దడ తగ్గలేదు.

పింకీకి 17 ఏళ్లు. అప్పటికే ముఠా నాయకుడు, హంతకుడు. హోటల్లో వడ్డించే రోజ్‌కి ఆ హత్య గురించి ఒక ముక్క తెలుసు. భార్యయితే తన మీద సాక్ష్యం చెప్పక్కర్లేదని ఆమెను పెళ్లి చేసుకుంటాడు.

పెళ్లిరోజున ఆ పిల్ల కోరిందల్లా అతని గొంతు. పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన లాంటి విహారస్థలం) మీద డబ్బులేస్తే మాట రికార్డు చేసే బూత్ ఉంటుంది. పింకీ లోపలికెళ్లి, ఇంటికి పోయి నన్ను వదిలెయ్యమని ఆమెను తిట్టి వస్తాడు. అద్దం అవతల నిలబడి చూస్తున్న ఆమెకి ఏమీ వినపడదు. వినడానికి గ్రామఫోన్ కూడా లేదు. ఇన్ని కత్తిగాట్లున్న నవలలో నన్ను ఎక్కువగా భయపెట్టింది ఈ పేజీయే.

లండన్ నుంచి రైళ్ల నిండా జనం సరదాకి దిగే ఊరు బ్రైటన్. వాళ్లు తిరిగే సముద్రతీరం వెనకే ఈ ఇద్దరూ పుట్టిన మురికివాడలు. ఆ మెరుపు కూడా తర్వాత వెలిసిపోయింది: అక్కడి వెస్ట్ పియర్ 1975లో మూతపడి, 2003లో తగలబడి, ఇప్పుడు ఇనప చట్రంగా మిగిలింది.

హంతకుడి వెంటపడి రోజ్ ప్రాణం నిలబెట్టింది ఇడా, హతుడితో కాస్త పరిచయమున్న ఆవిడ. నిజమే. అయినా నాకు ఇడా మీద కోపం పోవట్లేదు. ఆ పిల్ల ఏం చెబుతోందో ఒక్కసారైనా నిలబడి వినలేదు.