టెక్సస్ పల్లె కౌంటీ నుంచి పిన్ని విడాకుల డిక్రీ తెప్పించిన అనుభవం

మా పిన్ని యాభై ఆరో ఏట మళ్లీ పెళ్లి చేసుకుంటోంది. ఆయన హైదరాబాద్‌లోనే ఉంటారు, భార్య పోయి చాలా కాలమైంది. ఆర్భాటం లేకుండా స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ చేసుకుందామనుకున్నారు. దానికి మొదటి పెళ్లి చట్టప్రకారం రద్దయిందని చూపించే డిక్రీ కావాలి. సరిగ్గా అదే పిన్ని దగ్గర లేదు. విడాకులు అమెరికాలో, టెక్సస్‌లో అయ్యాయి. అవగానే ఇండియా వచ్చేసింది. తర్వాత ఇళ్లు మారడంలో ఆ ఫైలు ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాను కాబట్టి పని నా మీద పడింది. పిన్ని సరేనన్నాకే ఇది రాస్తున్నాను. కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు మాత్రం రాయను, అంత చిన్న చోట ఊరి పేరు చెబితే మనిషి పేరు చెప్పినట్టే.

తెలుగు దంపతులు అంత మారుమూలకి ఎందుకు వెళ్లారంటే, బాబాయి డాక్టరు (విడాకులై ఇన్నేళ్లయినా నా నోటికి వేరే పిలుపు రాదు). జె1 వీసా మీద వచ్చి రెసిడెన్సీ (ఆస్పత్రిలో డాక్టర్ల శిక్షణ) చేసిన డాక్టర్లు అది అయ్యాక రెండేళ్లు సొంత దేశానికి వెళ్లాలి. అలా వెళ్లకుండా ఉండాలంటే వేవర్ (మినహాయింపు) తీసుకుని, డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. మనవాళ్లు చాలామంది ఆ వేవర్ మీదే ఇలాంటి ఊళ్లలో కాపురాలు పెట్టారు. వీళ్ల కాపురం వెస్ట్ టెక్సస్‌లో పత్తి చేల మధ్య ఒక ఊళ్లో. ఆ కౌంటీ మొత్తం జనాభా మా గుంటూరు వైపు ఒక పెద్ద ఊరంత కూడా ఉండదు.

అమెరికాలో విడాకుల కాగితం కేసు ఎక్కడ వేశారో ఆ కౌంటీ కోర్టులోనే ఉంటుంది. పెళ్లెక్కడ అయింది, ఇప్పుడెక్కడ ఉంటున్నారు అన్నవి లెక్కలోకి రావు. టెక్సస్‌లో కేసు వేయాలంటే భార్యాభర్తల్లో ఒకరు ఆరు నెలలు రాష్ట్రంలో, 90 రోజులు ఆ కౌంటీలో ఉండి ఉండాలి. కాబట్టి వాళ్లున్న కౌంటీయే అనుకోవాలి. కానీ చివర్లో బాబాయి వేరే ఆస్పత్రికి మారాడట. ఆ ఊరు పక్క కౌంటీలోదా, ఆ పక్కదా?

"కోర్టుకి నేనసలు వెళ్లలేదే. లాయరాఫీసులో సంతకాలు పెట్టానంతే. ఎదురుగా డైరీ క్వీన్ ఉండేది," అంది పిన్ని.

డైరీ క్వీన్ అంటే ఐస్‌క్రీం, బర్గర్ల దుకాణాల గొలుసు. టెక్సస్‌లో అది లేని చిన్న ఊరు ఎక్కడుంది గనక! "పోనీ బాబాయినే అడగనా?" అంటే ఫోన్ పెట్టేసింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

గూగుల్లో వెతికితే ముందు వచ్చేవన్నీ డబ్బులు గుంజే సైట్లే. పేరు కొట్టగానే గిర్రున తిరుగుతూ "రికార్డులు దొరికాయి" అంటాయి, ఆ వెంటనే కార్డు నంబరు అడుగుతాయి. వాటికి పైసా కట్టకండి. వాళ్లు అమ్మేది పేర్ల జాబితానే తప్ప కోర్టు ముద్ర ఉన్న కాగితం కాదు. ఆ జాబితా టెక్సస్ ఆరోగ్య శాఖ దగ్గర ఉచితంగానే దొరుకుతుంది. 1968 నుంచి అయిన విడాకుల ఇండెక్స్ వాళ్ల దగ్గరుంది, ఏడాదికో ఫైలు చొప్పున. ఇద్దరి పేర్లు, తేదీ, ఏ కౌంటీ అన్నది అందులో ఉంటాయి. 254 కౌంటీల్లో ఏదో తేల్చుకోవడానికి అంతకంటే సులువైన దారి లేదు.

పేర్ల దగ్గర చిక్కు మొదలైంది. బాబాయి ఇంటిపేరుతో వెతికితే ఏమీ రాలేదు. 'త'కి ఒక చోట టీ, ఇంకో చోట టీహెచ్ రాసే పేరది, రెండు రకాలా చూశాను. పిన్ని పేరుతోనూ రాలేదు. అప్పుడు గుర్తొచ్చింది, పిన్ని పాత పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ. అలాంటి పాస్‌పోర్టు మీద అమెరికా వీసా ఇచ్చేటప్పుడు ఉన్న పేరునంతా ఇంటిపేరు గడిలో పెట్టి, మొదటి పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని వేస్తారు, మొదటి పేరు తెలియదని. మన వైపు నుంచి వచ్చినవాళ్లలో ఈ ఎఫ్‌ఎన్‌యూ బాధితులు బోలెడుమంది. అలా తిరగేసి వెతికితే 2006 ఫైల్లో పిన్ని దొరికింది, పక్కనే బాబాయి కూడా, ఆయన ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయి. కౌంటీ, తేదీ రెండూ తెలిసిపోయాయి.

ఆ ఆరోగ్య శాఖే 20 డాలర్లకి వెరిఫికేషన్ లెటర్ ఇస్తుంది. ఫలానా వాళ్లకి ఫలానా తేదీన ఫలానా కౌంటీలో విడాకులయ్యాయని అందులో ఉంటుంది. అది చాలేమోనని హైదరాబాద్‌లో లాయరు గారిని అడిగాను.

"విడాకులయ్యాయా లేదా అన్నది కాదమ్మా నా సందేహం. మీ పిన్నిగారు వాటికి ఒప్పుకున్నారా లేదా అన్నది నేను చదవాలి," అన్నారాయన.

అప్పుడు చెప్పారు, తిరుపతిలో పెళ్లయిన ఒక తెలుగు జంట కేసు సంగతి. భర్త అమెరికాలోని మిస్సోరిలో విడాకులు తెచ్చుకుని ఇంకో పెళ్లి చేసుకుంటే, ఆ విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీంకోర్టు తేల్చింది. హిందూ వివాహ చట్టంలో లేని కారణంతో విదేశీ కోర్టు ఇచ్చిన డిక్రీ మామూలుగా ఇక్కడ నిలబడదు. అవతలి పక్షం దానికి ఇష్టపూర్వకంగా ఒప్పుకుంటే అది వేరు. టెక్సస్ కోర్టులు మామూలుగా రాసే కారణం ఇక కలిసి బతకలేమన్నదే, ఎవరి తప్పూ ఎంచరు. మన చట్టంలో అలాంటి కారణం లేదు. పైగా కేసు వేసింది బాబాయి. కాబట్టి పిన్ని ఒప్పుకున్నట్టు డిక్రీలో ఎక్కడుందన్నదే ముఖ్యం. ఆ మిస్సోరి కేసులోనే ఇంకో మాట కూడా ఉంది: అక్కడి క్లర్క్ సర్టిఫై చేసిన నకలైనా, దాని మీద మన ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేదు కాబట్టి సాక్ష్యంగా పనికిరాదన్నారు. ఇప్పుడు మన దేశం కూడా 2005 నుంచి అపోస్టిల్ (ఒక దేశపు కాగితం అసలైనదేనని ఇంకో దేశం ఒప్పుకునేలా వేసే ధ్రువీకరణ) ఒప్పందంలో ఉంది కాబట్టి, అపోస్టిల్ వేయించి పంపమన్నారు.

ఇక కౌంటీకి ఫోన్. పెళ్లి లైసెన్సులు కౌంటీ క్లర్క్ దగ్గరుంటాయి. విడాకులు కోర్టు కేసు కాబట్టి డిస్ట్రిక్ట్ క్లర్క్‌ని అడగాలి. ఎనిమిది వేలకన్నా తక్కువ జనాభా ఉన్న కౌంటీల్లో రెండు పనులూ ఒకే మనిషి చూడొచ్చు, ఇక్కడా అంతే. ఆన్‌లైన్‌లో ఏమన్నా దొరుకుతుందనే ఆశ నాకు లేదు. టెక్సస్‌లో ఇరవై వేల లోపు జనాభా ఉన్న కౌంటీల్లో లాయర్లకి ఈ-ఫైలింగ్ తప్పనిసరి అయిందే 2016 జూలైలో. 2006 కేసంటే అచ్చంగా కాగితమే.

పెద్ద కౌంటీలకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే గొంతు తప్ప మనిషి దొరకడం కష్టం. ఇక్కడ ఎత్తగానే మనిషి. మధ్యాహ్నం పన్నెండింటికి తాళం వేసుకుని భోజనానికి వెళ్లిపోతారు, ఆ గంటలో మాత్రం ఎవరూ ఎత్తరు.

"కాజ్ నంబరు ఉందా హనీ?" అందావిడ. అంటే కేసు నంబరు. లేదన్నాను. నంబరు లేకపోతే వెతకడానికి 5 డాలర్లు ఫీజు. పేరు చెప్పేటప్పుడు నేనే ముందుగా ఎఫ్‌ఎన్‌యూ కథ విప్పి, రెండు పేర్లూ ఒక్కో అక్షరం చెప్పి, ఇండెక్స్‌లో దొరికిన తేదీ కూడా ఇచ్చాను. ఫోన్ పక్కన పెట్టి లోపలికి వెళ్లింది. ఏదో ఇనప బీరువా తలుపు తీసిన చప్పుడు, ఎవరితోనో వాన గురించి మాటలు. తిరిగొచ్చి, "దొరికింది, మీ ఆంటీయేనా? డాక్టర్ గారి భార్య కదూ, మా అమ్మని ఆయనే చూసేవారు," అంది. ఏమనాలో తోచక థాంక్యూ అన్నాను.

నేనెవరినో రుజువులు అడగలేదు. కోర్టు సీలు చేస్తే తప్ప విడాకుల డిక్రీ ఎవరైనా అడిగి తీసుకోదగ్గ పబ్లిక్ రికార్డు. నా పని సులువైంది గానీ, ఒకరి సంసారం విడిపోయిన కాగితాన్ని దారినపోయే వాళ్లెవరైనా డబ్బులు కట్టి తీసుకెళ్లొచ్చంటే నాకిప్పటికీ మింగుడుపడదు.

నకలుకి పేజీకో డాలరు, సర్టిఫికేషన్‌కి ఇంకొన్ని. ఖర్చు ఎందుకని మొదటి పేజీ, జడ్జి సంతకం పేజీ మాత్రం తీయనా అని ఆవిడే అడిగింది. లాయరు గారి మాట గుర్తుంది కాబట్టి మొత్తం డిక్రీ, రెండు సెట్లు, రెండిటి మీదా ముద్ర కావాలన్నాను. కార్డులు తీసుకోరు, పర్సనల్ చెక్కులూ తీసుకోరు. పోస్టాఫీసులో మనీ ఆర్డరు తీసి, కాజ్ నంబరు, ఇద్దరి పేర్లు కోర్టు రికార్డులో ఉన్నట్టే, ఇండియాకి అపోస్టిల్ కోసమని ఒక వాక్యం, నా ఫోన్ నంబరు ఒక ఉత్తరంలో రాసి, స్టాంపులంటించి నా చిరునామా రాసిన పెద్ద కవరుతో కలిపి పంపాను.

కాగితాలు వచ్చాక ఒక సెట్‌ని ఆస్టిన్‌లోని టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసుకి పంపాను. 2102 నంబరు ఫారం, 15 డాలర్ల ఫీజు, ఫారంలో దేశం పేరు ఇండియా అని. ఇందులో చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదు. ఒక్క సంగతి, అపోస్టిల్ పేజీ కుట్టి వచ్చాక స్కాన్ చేయడానికని పిన్ను ఊడదీయకండి, అది చెల్లకుండా పోతుంది. మడత పెట్టి ఫొటోలు తీసుకోండి.

ముందుగా ఆ ఫొటోలు పిన్నికి పంపాను. ఆస్తుల పంపకం పేజీ చూసి, "క్యామ్రీ కారు ఆయనకే ఇచ్చేశానా! దానికి సగం వాయిదాలు నేను కట్టాను కదే," అని ఓ అరగంట దాని మీదే. లాయరు గారు మాత్రం నేరుగా ఆఖరి పేజీకి వెళ్లారు. అక్కడ, ఈ డిక్రీకి రూపంలోనూ సారంలోనూ సమ్మతిస్తున్నామన్న వాక్యం, దాని కింద ఇద్దరి సంతకాలు. లాయరాఫీసులో పెట్టిన సంతకాలన్నది పిన్ని వాటినే. క్లర్క్ అడిగినట్టు రెండు పేజీలే తెప్పించుకుని ఉంటే ఈ పేజీ వచ్చేది కాదు, జడ్జి సంతకం దానికి ముందు పేజీలోనే అయిపోయింది.

లాయరు గారు సరే అన్నారు. పెళ్లి నోటీసు ఇచ్చారు, 30 రోజుల గడువు నడుస్తోంది. అపోస్టిల్ లేని రెండో సెట్ నా దగ్గరే ఉంచమంది పిన్ని, తను మళ్లీ ఎక్కడో పెట్టి మర్చిపోతుందట.